‘ఒళ్ళునొప్పులే కదా’ అన్నవాళ్ళకి

(మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగం)



ఆరోగ్య హక్కులంటే మనం సాధారణంగా కాన్పులు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రక్తహీనతతో మొదలుపెడతాం. అవి ముఖ్యమే. కానీ స్త్రీ శరీరంలో గర్భాశయం తప్ప ఇంకేమీ లేనట్టు మాట్లాడే ప్రభుత్వాల భాష మనకూ కొంత అంటుకుందేమోనని నా అనుమానం. అందుకే ఈరోజు కీళ్ళ గురించి, తెల్లకణాల గురించి మాట్లాడతాను. నాది సామాజికశాస్త్రం. పేరు ముందు డాక్టరని ఉన్నా మందులు రాసే డాక్టర్ని కాను. ఈ సంగతులు నేర్చుకున్నది మా చిన్నమ్మ కూతురి వల్ల.

ఆమెకి 26 ఏళ్ళప్పుడు పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయేవి. మిక్సీ మూత తిప్పలేకపోయేది. అత్తగారు పనిదొంగ అంది. ఒక ఆసుపత్రిలో రక్తం తక్కువన్నారు, ఇంకోచోట మనసులో దిగులన్నారు, మరోచోట పిల్లలు పుడితే సర్దుకుంటుందన్నారు. మూడేళ్ళకి కాళ్ళు వాచి, మూత్రంలో ప్రొటీన్ పోతోందని తేలాక గానీ లూపస్ అన్న మాట ఎవరి నోటా రాలేదు. అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి. రోగనిరోధక కణాలు సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బని నేను వివరించబోతే, ‘‘బయటివాళ్ళు చాలకనా అక్కా?’’ అని నవ్వింది.

లూపస్ వచ్చినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే. ఈ తరహా జబ్బులన్నీ కలిపి చూసినా అయిదుగురిలో నలుగురు మనవాళ్ళే.

దీని వెనక శాస్త్రం కథ ఒక ఆడ ఎలుకతో మొదలైంది. 1969లో జపాన్‌లో నిషిజుకా, సకాకురా అనే పరిశోధకులు పుట్టిన మూడోరోజున ఎలుకపిల్లల థైమస్ గ్రంథి తీసేస్తే వాటి అండాశయాలు నాశనమయ్యాయి. రోగనిరోధక శక్తి తగ్గాల్సిందిపోయి తిరగబడింది. షిమోన్ సకాగుచి అనే యువకుడు దీన్ని పట్టుకున్నాడు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల టి కణాలు ఎక్కిస్తే జబ్బు ఆగిపోయింది. అంటే దాడిచేసే కణాలతో పాటు వాటిని ఆపే కణాలూ ఉన్నాయన్నమాట. ‘అణిచే కణాల’ సిద్ధాంతం అప్పటికే ఒకసారి వచ్చి, రుజువు నిలవక పరువు పోగొట్టుకుంది. 1980లలో ఆ మాటెత్తితే శాస్త్రవేత్తలు మొహం తిప్పుకునేవారు. ఆయన వదల్లేదు. 1995లో, ఒంటి మీద సిడి25 అనే గుర్తు ఉండే ఒక టి కణాల గుంపుని చూపించాడు. వాటినే ఇప్పుడు రెగ్యులేటరీ టి కణాలంటున్నారు.

ఇక అమెరికాలో, సియాటిల్ దగ్గర ఒక కంపెనీలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పుట్టిన కొద్దివారాలకే చచ్చిపోయే ఒక రకం మగ ఎలుకల్లో లోపమున్న జన్యువు కోసం వెతికారు. ఇరవై జన్యువుల్లో ఇరవయ్యోది దొరికింది. 2001లో ప్రకటించిన ఆ జన్యువు పేరు ఫాక్స్‌పి3. ఆపే కణాలు తయారవడానికి అదే మూలమని 2003లో తేలింది. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ ఇచ్చారు. స్వీడన్ నుంచి ఫోన్ వస్తే బ్రంకో ఏదో పనికిమాలిన కాల్ అనుకుని పడుకుందట. ఆమె అప్పటికి సొంత ప్రయోగశాల ఉన్న ప్రొఫెసర్ కాదు, ఒక పరిశోధన సంస్థలో ప్రోగ్రాం మేనేజర్. ఇది నాకు ఆ బహుమతి కంటే ఎక్కువ నచ్చింది.

ఫాక్స్‌పి3 ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. స్త్రీలలో రెండో ఎక్స్‌ని మూసిపెట్టే ఎక్సిస్ట్ అనే అణువుకి కూడా ఈ జబ్బులతో సంబంధం ఉందని 2024లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు మగ ఎలుకల్లో చూపించారు. ఇలాంటివి వినగానే ‘శరీరమే స్త్రీకి విధి’ అనడానికి ఇంకో ఆధారం దొరికిందని మనలో కొందరు భయపడతారు. నాకా భయం లేదు. మా చెల్లెలి కిడ్నీలు పోవడానికి క్రోమోజోమ్ ఎంత కారణమో, పోయిన ఆ మూడేళ్ళూ అంత కారణం. ఆ మూడేళ్ళు జీవశాస్త్రంలో లేవు. పిల్లల్ని కనే వయసు స్త్రీలని తొలిదశ మందుల పరీక్షలకి దూరంగా పెట్టాలని 1977లో అమెరికా ప్రభుత్వ సంస్థే మార్గదర్శకం ఇచ్చింది. 1993 దాకా అది నడిచింది. ఎవరికి ఎక్కువ జబ్బో వాళ్ళనే పరీక్షలోంచి తీసేశారు!

ఇంకో సంగతి. 2020లో కరోనాకి పనిచేస్తుందని హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం జనం ఎగబడ్డారు. లూపస్ వాళ్ళకి అది రోజూ వేసుకోవాల్సిన మాత్ర. మా చెల్లెలు ఊళ్ళో నాలుగు షాపులు తిరిగి, ఉన్నవాటిని సగం చేసి వేసుకుంది. చివరికి అది కరోనాకి పనిచెయ్యలేదు. ఆ సగం మాత్రల లెక్క ఎక్కడా నమోదు కాలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. లూపస్ లేదు, రుమటాయిడ్ కీళ్ళవాతమూ లేదు. కాళ్ళూ చేతులూ వంకరపోయాక చలన వైకల్యం కింద అడగొచ్చు. అంటే వంకరపోయేదాకా ఆగాలి. పొద్దున రెండుగంటలు వేళ్ళు ముడవలేని మనిషికి ఆ పత్రం ఎవరిస్తారు?

ఈ విషయం మీద ఒక అర్జీ రాశాం. బయట బల్ల మీద ఉంది. మొదటి ప్రతి నేను రాస్తే మా చెల్లెలు సగం కొట్టేసింది, ‘‘నీ భాష కలెక్టరుకే అర్థంకాదు’’ అని. మీరూ చదివి, మీ ఊళ్ళలో ఇలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఎక్కడెక్కడ తిరిగారో వెనకపేజీలో రాయండి.