జఠరమునందలి తక్షకుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



విశాఖపట్టణపు రేవు 1933వ సంవత్సరమున తెరువబడినప్పుడు దాని ముఖ్యోద్దేశము మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమును నౌకల కెక్కించుట. నేడు ఆ రేవున ఖనిజముతోను ఉక్కుతోను పాటు మంచులో గడ్డకట్టించిన రొయ్యలు కూడ విదేశములకు పోవుచున్నవి. చెరువులలో పెరుగు ఈ రొయ్యలు పుట్టునది మాత్రము సముద్రపుటొడ్డున నున్న హేచరీ తొట్లలో. భీమునిపట్టణము వైపు తీరము వెంట పోయినవారు అట్టి తొట్లను చూచియే యుందురు.

ఆ తొట్లలో ఒక్కొక్క రాత్రి ఒక వింత కనబడును. దీపము లేకయే నీరు మిణుకుమిణుకుమని వెలుగును. చూపరులకది వేడుక, యజమానికి గుండెకోత. విబ్రియో హార్వేయి అను బాక్టీరియా రొయ్యపిల్లలలో చేరి, తాను వెలుగుచు వానిని చంపుచున్నదని దాని యర్థము. కొద్ది దినములలో పిల్లలు తొట్టి యడుగున కుప్పపడును. ఈ బాక్టీరియా కలరా క్రిమికి దాయాది.

దీనికి విరుగుడని కొందరు యాంటిబయాటిక్కులను నీట కలిపిరి. కొన్నాళ్లు పనిచేసినవి. పిమ్మట క్రిమి మందునకు అలవాటుపడినది. మందు మాత్రము రొయ్య మాంసమున మిగిలి, విదేశపు పరీక్షలలో బయటపడి, సరకు తిరస్కరింపబడినది. మందు కొన్నందు కొక ఖర్చు, సరకు పోయినందు కింకొక ఖర్చు. అట్టి సమయమున మంగుళూరు మత్స్యకళాశాల శాస్త్రజ్ఞులు వేరొక త్రోవ పట్టిరి. ఆ క్రిమిని మాత్రమే చంపు ఫేజిని వెదకి తెచ్చి తొట్టినీట వదలిరి. వారు 2006వ సంవత్సరమున ప్రకటించిన ఫలితములనుబట్టి యాంటిబయాటిక్కు వేసిన తొట్టిలోకంటె ఫేజి వేసిన తొట్టిలో పిల్లలు హెచ్చుగా బ్రతికినవి.

ఫేజి యనగా నేమి? బాక్టీరియాను పట్టు వైరసు. బాక్టీరియాకే రోగము తెచ్చునదన్నమాట. బాక్టీరియాయే కంటికి ఆననిది. ఫేజి అందులో పదవవంతైనను ఉండదు. తనకు తగిన బాక్టీరియా తగులువరకు అది ఇసుకరేణువువలె జడముగా పడియుండును. తగిలినంతనే తోకను ఆనించి తన వంశబీజమును లోని కెక్కించును. కొన్ని జాతులలో అరగంట గడుచునంతలో నూరు పిల్లఫేజులు తయారై, బాక్టీరియా గోడను బ్రద్దలుచేసికొని వెలికి వచ్చును. ఒక్కొక్క ఫేజికి తనదైన బాక్టీరియాయే ఆహారము, పొరుగుదానిని ముట్టదు. మనుష్యుని కణములను అసలే చంపదు.

ఈ విద్యకు పురిటిగడ్డలలో భారతదేశ మొకటి. గంగా యమునల నీట కలరా క్రిమి చచ్చుచున్నదనియు, నీటిని మరగించినచో ఆ గుణము పోవుచున్నదనియు 1896లో హాంకిన్ అను ఆంగ్లేయుడు ఆగ్రాలో గుర్తించెను. అది ఫేజుల పనియే కావచ్చునని తరువాతివారు తలచిరి. 1917లో దెరెల్ అను శాస్త్రజ్ఞుడు పారిస్ నగరమున, రక్తవిరేచనములనుండి కోలుకొనుచున్న రోగుల మలములో దీనిని కనుగొని పేరుపెట్టెను. 1927లో ఆయన ఈ దేశమునకు వచ్చి కలరాపై దానిని ప్రయోగించి చూచెను. అమృతము క్షీరసముద్రమున దొరికినదందురు. ఇది దొరికిన చోటు చెప్పుటకు సభలో సంకోచమే, కాని సత్యమునకు సిగ్గేల?

మనుష్యుని దేహమున సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా లుండునని 2016లో లెక్కగట్టిరి. అందులో నూటికి తొంబదికి పైగా పెద్దప్రేగునందే కాపురము. అవి శత్రువులు కావు. పీచును పులియబెట్టి ప్రేగుగోడకు ఆహారమిచ్చును. ఆవు గడ్డితిని పాలిచ్చుట కూడ దాని కడుపులోని ఇట్టి కూలీల చలవయే. మలములో గ్రామునకు ఫేజులు నూరుకోట్ల వరకు ఉండును. అప్పుడే పుట్టిన శిశువు తొలి మలమున ఫేజులు దాదాపు కానరావు. నెల తిరుగునప్పటికి కోట్లకు చేరును. వీనిలో ఏదేని యొక బాక్టీరియా తెగబలిసి తక్కినవారి తావు నాక్రమించినచో, దాని ఫేజులును దానితోపాటు పెరిగి దానిని కోసివేయును. జమీందారు హద్దుమీరినప్పుడు గ్రామమునందు ఇట్టి ఏర్పాటు ఉండినచో ఎంత బాగుండెడిది!

అయినను ఫేజిని కేవలము రక్షకుడని పొగడుట తొందరపాటు. పరీక్షిత్తు కథ అందరెరిగినదే. తక్షకుడు పురుగై పండులో దాగి లోనికి వచ్చెను. ఫేజులలో ననేకము అట్లే చేయును. బాక్టీరియాను వెంటనే చంపక, తన బీజమును దాని బీజములో కలిపి, అది తరతరములుగా మోయుచుండ, లోన పరుండును. కష్టకాలమున లేచి కాటువేయును. కొన్ని ఆశ్రయమిచ్చినదానికి కట్నము కూడ ఇచ్చును. కలరా క్రిమి విషము అట్టి కట్నమే. ఆ విషమునకు మూలమైన జన్యువు ఫేజి మోసికొనివచ్చినదని 1996లో వాల్డర్, మెకలానోస్ అనువారు తేల్చిరి. ఆ ఫేజి చేరనిచో అది ఊళ్లు ఊడ్చుకొనిపోయెడి మహమ్మారి కాకపోయెడిది.

ఇక యాంటిబయాటిక్కుల సంగతి. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరు లిరువురు సంగ్రహణి వలన మరణించిరి. అదే వ్యాధి ఆయనకును సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదముచే బ్రతికెను. ఆయన అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు అధిపతియై యుండగా డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని జీవినుండి ఆరియోమైసిన్ అను మందు తీసెను. 1948లో అది లోకమునకు తెలిసెను. ప్రేగురోగమున సోదరుల నిట్లు కోల్పోయినవాని ప్రయోగశాలనుండి వచ్చిన ఆ మందు ఎందరి ప్రాణములు నిలిపినదో లెక్కలేదు. కాని 1950లో దానిని కోళ్ల మేతలో కలిపిన తూకము పెరుగునని తెలియగా, రోగము లేని జంతువులకు కూడ పెట్టసాగిరి. దోష మచ్చట మొదలైనది. ఆ మందు వరదవంటిది. కలుపును పైరును ఒక్కటిగా తీసికొనిపోవును. విరేచనము కాగానే కొట్టునకు పోయి రెండు గొట్టములు కొని మింగువారు గ్రామమున తక్కువ లేరు. ఉప్పు పంచదార నీటిని చక్కగా త్రాగి, జ్వరమో రక్తమో కనబడినచో వైద్యునికి చూపిన సరిపోవుదానికి, కడుపులో ఊరంతటిని ముంచుచున్నారు. ముంపునకు బ్రతికి బయటపడునది మందునకు లొంగని క్రిమియే.

ఫేజి చికిత్స జార్జియా దేశపు టిబిలిసీ నగరమున 1923లో స్థాపింపబడిన సంస్థలో నేటికిని సాగుచున్నది. తక్కిన దేశములలో పెక్కింట యాంటిబయాటిక్కుల వైభవము చూచి దాదాపు వదలివేసి, ఇప్పుడు మరల తలుపు తట్టుచున్నారు. చిక్కులు లేకపోలేదు. ఒక రోగి క్రిమికి పనిచేసిన ఫేజి మరియొకని క్రిమికి పనిచేయకపోవచ్చును. బాక్టీరియా ఫేజినుండి కూడ తప్పించుకొన నేర్చును. విషపు కట్నము తెచ్చు తక్షకజాతి ఫేజులను ముందే ఏరి పారవేయవలెను. అందుచేత ఎన్నో రకముల ఫేజులను ఏరి, పేర్లు వ్రాసి, చల్లని అరలలో భద్రపరచుచున్నారు. గ్రంథాలయమున గ్రంథముల పట్టికవలె వానికిని పట్టిక లున్నవి. క్రొత్త ఫేజి కావలసివచ్చినపుడు వెదకువారు మొదట పోవునది ఆసుపత్రి వెనుక మురుగుకాలువకు. రొయ్యల కొరకైనచో, రాత్రి వెలిగిన ఆ తొట్టి నీటి యొద్దకే.