కనుమనాటి చేపల పులుసు

సంక్రాంతి పిండివంటలను గురించి వినని ఇల్లు లేదు. అరిసెల పాకమును గురించి ఈనాడు నేను కొత్తగా చెప్పగలిగినదీ లేదు. అయితే సూళ్ళూరుపేట, తడ ప్రాంతాలలో, పులికాట్ సరస్సు ఒడ్డు పల్లెలలో, పండుగ విందునకు నిండుదనం తెచ్చే వంటకం మరొకటి ఉన్నది. అది కనుమనాటి చేపల పులుసు.

పులికాట్‌కు తెలుగువారు పెట్టుకొన్న పేరు ప్రళయకావేరి. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిల్కా తరువాత ఇదే పెద్దది. పేరు వింటే భయము కలుగుతుంది గాని, చాలాచోట్ల నిలువెత్తు లోతైనా ఉండదు. ఈశాన్య ఋతుపవనాల వానలకు కాళంగి వంటి ఏరులు మంచినీటిని తెచ్చి ఇందులో కలుపుతవి. ముఖద్వారాల గుండా సముద్రపు నీరు వస్తుంది. ఈ రెండు నీళ్ళ కలయిక వలననే ఇక్కడి చేపకు ఆ రుచి అబ్బినదని నా నమ్మకం.

రొయ్యలు, కొన్ని జాతుల చేపలు గ్రుడ్లు పెట్టేది సముద్రంలో. వాటి పిల్లలు పెరిగేది సరస్సులో. రాయదొరువు వద్ద ముఖద్వారం ఇసుకతో పూడితే ఆ పిల్లలు లోనికి రాలేవు. అప్పుడు వల తేలికగా వస్తుంది, జాలరి ఇంట పండుగ పలుచనవుతుంది. ఈ పులుసుకు చింతపండు ఎంత అవసరమో ఆ ద్వారం తెరచి ఉండడమూ అంత అవసరం.

ఇక వంట సంగతి. సంక్రాంతినాడు పెద్దలకు పెట్టుకొనే ఇళ్ళలో నీచు పొయ్యి ఎక్కదు. పులుసేమో నిలువ ఉన్నకొద్దీ రుచికి వచ్చేది. ఈ చిక్కును మన గృహిణులు చక్కగా విడదీసినారు. కనుమనాడు తెల్లవారుజామున వండి, పొద్దుగూకిన తరువాత వడ్డిస్తారు.

కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టవలెను. కొత్త చింతపండు ఇంకా దిగని రోజులు గనుక పాతదే వాడుతారు; పులుసు నల్లగా వస్తే విచారించవద్దు. ఎండకాలమైతే పచ్చిమామిడి ముక్కలు వేసేవారే, కాని సంక్రాంతికి మామిడి ఇంకా పూతమీదనే గదా! చేపముక్కలను రాళ్ళుప్పు, పసుపుతో రెండు మూడుసార్లు కడిగితే బురదవాసన పోతుంది. మట్టిచట్టిలో నువ్వులనూనె కాగనిచ్చి ఆవాలు, కరివేపాకు, ఉల్లిపాయలు, వెల్లుల్లి వేయించవలెను. చింతపండు రసము పోసి, ఉప్పు, కారము, ధనియాలపొడి కలిపి బాగా మరగనివ్వవలెను. నూనె పైకి తేలిన తరువాతనే ముక్కలు వేయవలెను. ఆపైన గరిటె ముట్టరాదు, ముక్క చెదురుతుంది. చట్టి అంచులను గుడ్డతో పట్టుకొని మెల్లగా కుదపవలెను. పది పన్నెండు నిమిషాలు చాలును. దించేముందు వేయించిన మెంతులపొడి చిటికెడు మాత్రమే. ఒక ఏడు నేనే ఉత్సాహంతో చెంచాడు వేసి, పండుగనాడు ఇంటిల్లిపాదికీ చేదు తినిపించినాను.

కనుమనాడు మినుము తినవలెనంటారు. వేడి మినపగారెను ఈ పులుసుతో తిని చూడండి. పెద్దవారికి రాగిసంగటి ఉంటే మరీ మంచిది. మిగిలినదానిని రాత్రి ఒకమారు మరిగించి, మూతపెట్టి, కదపక ఉంచితే ముక్కనుమ ఉదయానికి మరింత చిక్కబడుతుంది.