ఇంటికి తెచ్చిన ఓడ



మారిషస్ యాత్ర జ్ఞాపకంగా తెచ్చిన కొయ్య ఓడ ఇది. అక్కడి పనివాళ్లు చేత్తో చేస్తారు. తెరచాపలు పాతవిగా కనబడాలని గుడ్డను టీనీళ్లలో ముంచుతారు. తెరచాప కొయ్యలు విరగకుండా ఆమదాలవలస దాకా ఒళ్లో పెట్టుకునే తెచ్చాను.

1834 నుంచి చెరకు తోటల కూలీలను మొదట్లో ఆ దీవికి చేర్చినవి ఇలాంటి తెరచాప ఓడలే. కోరంగి రేవు పేరుమీద మన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. ఎందరో తిరిగి రాలేదు. వారి సంతతి నేటికీ ఉగాది చేసుకుంటోంది. ఆ రోజు దేశమంతటా సెలవు.

మనుమలు బొమ్మ ఖరీదు అడిగితే ముందు ఈ కథ చెబుతున్నాను. మీ ఇళ్లలో అలా ఓడెక్కి వెళ్లినవారి పేర్లు గుర్తున్న పెద్దలుంటే, ఇప్పుడే అడిగి రాసిపెట్టండి. మన తరం దాటితే చెప్పేవారుండరు.

సెలవు.