పాత స్పీకరు ఎన్ని వాట్లు భరించును?

పూర్వపు రేడియోగ్రాములు శిథిలమైనను, వానిలోని పెద్ద స్పీకర్లు కొన్ని ఇండ్లలో నేటికిని భద్రముగానే ఉన్నవి. పెట్టె చెదలు పట్టియుండును. వాల్వులు కాలిపోయి యుండును. పండ్రెండంగుళముల స్పీకరు మాత్రము చెక్కుచెదరక నిలిచియుండును. దానిని క్రొత్త ఆంప్లిఫయరునకు తగిలించి, మృదంగపు తొప్పినాదమును నిండుగా వినవలెనని ముచ్చటపడుట సహజము. అయితే వెనుక అంటించిన కాగితము ఏనాడో ఊడిపోయినది. ఎన్ని వాట్లు భరించునో చెప్పు అంకె లేదు. తొందరపడి ఎక్కువ శక్తి నిచ్చినచో లోపలి తీగచుట్ట మాడిపోవును. అట్టి తీగచుట్ట మరల దొరకుట కష్టము. క్రొత్తది వేయించినను స్వరము మునుపటివలె ఉండునని చెప్పలేము. కావున ఈ అంకెను ఎట్లు అంచనా వేయవలెనో విచారింతము.

మొదట వాట్లనగా ఏమో తెలిసికొనవలెను. నేడు మన మెరిగిన స్పీకరు నిర్మాణమును అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇంజనీర్లు 1925లో ప్రకటించిరి. అయస్కాంతపు సందులో ఒక తీగచుట్ట. దానికి అతికిన కాగితపు శంకువు. తీగలో విద్యుత్తు ప్రవహించినపుడు చుట్ట ముందునకు వెనుకకు కదలును, శంకువు గాలిని కదలించును. మన మిచ్చు శక్తిలో ధ్వనిగా మారునది నూటికి కొద్ది పాళ్లు మాత్రమే. తక్కినదంతయు తీగలో వేడియగును. కావున వాట్ల అంకె స్పీకరు ఎంత గట్టిగా పలుకునో చెప్పునది కాదు. ఎంత వేడికి తాళునో చెప్పునది.

మంద్రధ్వనుల విషయమున రెండవ అపాయము గూడ కలదు. ఒక స్వరమును అదే బిగ్గరతనముతో ఒక స్థాయి క్రిందికి దింపి పలికింపవలెనన్నచో, శంకువు నాలుగు రెట్ల దూరము కదలవలెను. తీగ వేడెక్కకమునుపే చుట్ట తన సందును దాటిపోయి వెనుక పలకకు తగులవచ్చును; శంకువు అంచు చిరుగవచ్చును. ఈ కదలికను అదుపులో నుంచునది చాలవరకు పెట్టెయే. 1954లో వచ్చిన ఎ.ఆర్.-1 అను స్పీకరులో ఎడ్గార్ విల్చర్ శంకువును మెత్తగా వ్రేలాడగట్టి, మూసిన పెట్టెలోని గాలినే దానికి స్ప్రింగుగా చేసెను. అట్టి స్పీకరును పెట్టెనుండి ఊడదీసి వాయించినచో, పెట్టెలో భరించిన శక్తిని భరింపజాలదు.

ఇక గుర్తుల సంగతి. అయస్కాంతము వెనుకను, ఇనుప చట్రపు అంచునను ముద్రించిన అంకెలను మెత్తని గుడ్డతో తుడిచి చూడవలెను. అమెరికా స్పీకర్లలో మొదటి అంకెలు తయారీదారుని, తరువాతివి సంవత్సరమును వారమును తెలుపును. 220632 అని యున్నచో, 220 అనునది జెన్సెన్ కంపెనీ. 6 సంవత్సరపు చివరి అంకె. 32 ఆ ఏటి వారము. అది 1956 కావచ్చును, 1966 కావచ్చును; నిర్మాణమును బట్టి తేల్చుకొనవలెను. ఈ అంకెలలో వాట్లు ఉండవు. కాని తయారీదారుడును కాలమును తెలిసినచో, ఆనాటి కాటలాగు వెదకుటకు దారి దొరకును.

కాటలాగు దొరకనిచో మీటరుతో తీగ నిరోధమును కొలువవలెను. స్పీకరును ఆంప్లిఫయరునుండి విడదీసియే ఈ పని చేయవలెను. ముల్లు ఆరు ఓముల దగ్గర నిలిచినచో అది ఎనిమిది ఓముల స్పీకరు. మూడున్నరకు దగ్గర నిలిచినచో నాలుగు ఓములది. పాత ఇంగ్లీషు స్పీకర్లలో పదునైదు ఓములు వాడుక. ముల్లు కదలనే కదలనిచో తీగ తెగినదని అర్థము. పిమ్మట రెండు చేతుల వ్రేళ్లతో శంకువును నలువైపుల సమముగా, మెల్లగా నొక్కవలెను. గరగర వినబడినచో చుట్ట ప్రక్కకు ఒరిగినది. అట్టిదానికి ఎన్ని వాట్లని అడుగుటయే అనవసరము.

వేడిని చెదరగొట్టునది చుట్ట వైశాల్యము. కావున వాట్లను అంచనా వేయుటకు శంకువు వెడల్పుకంటె తీగచుట్ట వెడల్పే మేలైన ఆధారము. శంకువు నడుమనున్న మూత చాలవరకు దాని పరిమాణమును సూచించును. అయస్కాంతపు బరువు చూచి మోసపోరాదు. అది స్పీకరు చురుకుదనమునకు గుర్తేగాని తాళిమికి గుర్తుకాదు. పాత చుట్టలను కాగితపు గొట్టముపై, నేటివానికంటె తక్కువ వేడికి మెత్తబడు జిగురుతో అతికించెడివారు. అంగుళము వెడల్పు గల అట్టి చుట్టకు పది వాట్లు మించనీయరాదని మేము చెప్పుదుము.

ఒకవేళ అంకె దొరకినను, అది ఏ అంకెయో చూడవలెను. ఎడతెగక భరించు శక్తి వేరు. సంగీతములో అప్పుడప్పుడు లేచు శక్తి వేరు. క్షణమాత్రపు శిఖరము వేరు. సాధారణముగ రెండవదానిని మొదటిదానికి రెట్టింపుగను, మూడవదానిని నాలుగు రెట్లుగను వ్రాయుదురు. మన దేశమున 1990 ప్రాంతమున టేపురికార్డరు పెట్టెలపై వేలకొలది వాట్లుగా కనబడిన పి.ఎం.పి.ఓ. అంకెలు ఏ లెక్కకును అందనివి.

ఇక ప్రయోగము. స్పీకరును తగిన పెట్టెలో బిగించి, చిన్న ధ్వనితో మొదలుపెట్టి, తీగల నడుమ వోల్టులను కొలువవలెను. వోల్టులను వోల్టులతో హెచ్చించి, ఓములతో భాగించినచో వాట్లు వచ్చును. ఎనిమిది ఓముల స్పీకరునకు నాలుగు వోల్టులన్నచో రెండు వాట్లు. తొమ్మిది వోల్టులన్నచో సుమారు పది. అరగంట వాయించి, వెంటనే ఆంప్లిఫయరును విడదీసి, నిరోధమును మరల కొలువవలెను. ఆరు ఓములు ఏడుంబావు వరకు పెరిగినచో రాగితీగ ఏబది డిగ్రీలకు పైగా వేడెక్కినది. అది క్షణములలో చల్లారును గావున, అసలు వేడి ఇంకను ఎక్కువయే. అక్కడ ఆగుట మంచిది. కమురువాసన గాని టకటకమను చప్పుడు గాని వచ్చినచో తక్షణమే ఆపివేయవలెను.

చిన్న ఆంప్లిఫయరు గదా, భయము లేదని తలపరాదు. శక్తికి మించి తిప్పినచో దాని తరంగము తలతెగి చతురస్రమగును; అప్పుడది తన చెప్పుకొన్న వాట్లకు రెట్టింపు వరకు ఈయగలదు. ధ్వని బొంగురుపోయినచో మీటను వెనుకకు త్రిప్పవలెను.

పది వాట్ల బదులు ఇరువది వాట్లిచ్చినచో చెవికి తోచు హెచ్చు మూడు డెసిబెళ్లు మాత్రమే. తీగలోని వేడి మాత్రము రెట్టింపగును. అనగా తక్కువగా అంచనా వేసినవాడు వినికిడిలో నష్టపోవునది స్వల్పము. ఎక్కువగా అంచనా వేసినవాడు స్పీకరునే పోగొట్టుకొనును. రెండంకెల నడుమ సందేహము కలిగినపుడు చిన్నదానినే గ్రహింపవలెను. నాలుగు వాట్ల రేడియోతో ఒకనాడు ఇల్లెల్ల నాదస్వరము నింపిన స్పీకరునకు ఆ శక్తి నేడును చాలును.