సభామందిరము - లోపలి అమరిక

మా బనగానపల్లె ప్రాంతమున నేల త్రవ్వినచోట నాపరాయి దొరకును. ఇంటి నేలకు, వీధి అరుగునకు, పశువుల కొట్టమునకు మాకు ఆ బండలే ఆధారము. "అమరావతిలో శాశ్వత శాసనసభా భవనము రానున్నది గదా, లోపల మన బండలు పరిపించిన ఎంత బాగుండును!" అని మా మిత్రుడొకరు ఇటీవల అన్నారు. కోరిక సహజమైనదే. ఐనను దానికి బదులు చెప్పుటకు ముందు సభామందిరము దేనికొరకో విచారింపవలసియున్నది.

మా ఊరు 1948 వరకు నవాబుల సంస్థానము. దర్బారు అనగా ఒకరు ఎత్తున కూర్చుండుట, తక్కినవారు నిలుచుండుట. అక్కడ ఆసనమే అధికారమును చాటును. శాసనసభలోను అధ్యక్షపీఠము ఎత్తుననే ఉండును. అందరును ఆయనకు కనబడవలెను, ఆయన అందరికిని కనబడవలెను. ఆ ఎత్తు అందుకే. సభ్యులో, రచ్చబండ చుట్టు మనవారు కూర్చుండునట్లు, ఒకరి ముఖమొకరు చూడగలిగియుండవలెను.

ఈ అమరికలో రెండు పద్ధతులు ప్రసిద్ధములు. లండనులో కామన్సు సభామందిరము 1941లో బాంబులకు కూలినది. దానిని తిరిగి కట్టునపుడు, ఎదురెదురు బల్లల పాత పద్ధతినే నిలుపవలెననియు, అందరికిని చోటుండనవసరము లేదనియు 1943లో చర్చిలు వాదించినాడు. చిన్న గదిలో మాట సంభాషణవలె సాగునని ఆయన తలంపు. నేడు అక్కడ సభ్యులు 650 మంది, ఆసనములు 427 మాత్రమే.

ఢిల్లీలో 1927 నాటి పార్లమెంటు భవనమున లోక్‌సభ ఆసనములు అర్ధచంద్రాకారముగా ఉండెను. సభ్యులు పెరిగిన కొలది ఇరుకు పెరిగినది. రెండవ వరుస దాటిన పిమ్మట కాగితము పెట్టుకొనుటకు ముందు బల్ల లేదు. 2023 మే 28న ప్రారంభమైన క్రొత్త భవనమున లోక్‌సభకు 888 ఆసనములు అమర్చినారు. ఇద్దరిద్దరికి ఒక బల్ల, నాగపూరు టేకు, మీర్జాపూరు తివాచీలు, నెమలి వన్నెలు. పలుకు ఏ భాషదైనను అనువాదమై చెవికి చేరు సాధనములును ఉన్నవి. చోటు లభించినది. కాని గది పెద్దదైన కొలది, వెనుక వరుసవాని మాట మైకు మీదనే ఆధారపడును.

ఇక బండల సంగతి. నున్నని రాయి ధ్వనిని మ్రింగదు, వెనుకకు త్రిప్పి కొట్టును. ఒక మాట ఆరకముందే మరియొక మాట దానిపై పడును. సంగీతమునకు కొంత ప్రతిధ్వని శోభయే. మాటకు మాత్రము అది సుమారు ఒక సెకనులో అణగిపోవలెను. రేడియో ప్రసంగశాల గోడలకు మెత్తని పలకలు తొడుగుట అందుకే. సభలోని తివాచీ, తెర, చెక్క పనితనము ఆడంబరములని కొందరు తలంతురు. నిజమునకవి వినికిడి సాధనములు. ఆసనములకు వేయు మెత్తకు ఇంకొక గుణమున్నది. కూర్చున్న మనిషి ఎంత ధ్వనిని పీల్చునో, అదియు ఇంచుమించు అంతే పీల్చును. సభ్యులు తక్కువగా వచ్చిన నాడును గది తీరు మారదు!

కావున మా మిత్రునికి ఇట్లు చెప్పితిమి. మెట్లకు, వసారాలకు, జనము నడచు దారులకు మా నాపబండలను మించినవి లేవు. సభ లోపల మాత్రము వాటిని వట్టిగా పరువరాదు. సొంత ఊరి రాయి మీది మక్కువకంటె సభ్యుని మాట వినబడుట ముఖ్యము.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని ఐనపుడు ప్రభుత్వ కార్యాలయములు కొన్ని డేరాలలో నడిచినవి. 1956లో చేరిన హైదరాబాదు శాసనసభా భవనము 1913లో నగరమందిరముగా పూర్తియైనది. 2017 నుండి వెలగపూడిలో ఉన్నది తాత్కాలిక మందిరము. ఇపుడు శాసనసభకే శాశ్వతముగా గది కట్టుకొను అవకాశము వచ్చినది. తివాచీ రంగు నిర్ణయింపకముందే నిర్మాతలు చివరి వరుసలో కొంతసేపు కూర్చుండి చూడవలెనని మా మనవి. మెట్టసీమ సభ్యుడొకడు నీటికొరకు అక్కడనుండియే మాటాడవలసి రావచ్చును. ఆ మాట పీఠమును చేరిననే ఆ గది సభామందిరము.