గోడలో పైపు లీక్: కొత్త పైపులు వేయాలా, లోపల కోటింగ్ వేయించాలా?

బాత్రూమ్ వెనక గోడ చెమ్మెక్కి, పెయింట్ పెచ్చులుగా ఊడుతోందా? ప్లంబర్‌ని పిలిస్తే "పైపులన్నీ మార్చాల్సిందే" అంటాడు. ఇంకొకరొచ్చి "గోడ పగలగొట్టక్కర్లేదు, పైపు లోపల ఎపాక్సీ కోటింగ్ వేస్తాం" అంటారు. డబ్బులు పెట్టేది అమ్మానాన్న. కానీ ఫోన్ పట్టుకుని వివరాలు వెతికేది మనమే కదా. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ఒక టెస్ట్ చేయండి. రాత్రి కుళాయిలన్నీ కట్టేయండి, ఫ్లష్ ట్యాంకుల వాల్వులు కూడా. మోటార్ వేయొద్దు, పైట్యాంకులోకి ఎటునుంచీ నీళ్లు రాకూడదు. నీటి మట్టం ఫోటో తీసుకోండి. పొద్దున్నే మళ్లీ చూడండి. మట్టం తగ్గిందా? మర్నాడు రాత్రి ట్యాంకు కింది వాల్వు కూడా కట్టేసి చూడండి. అప్పుడూ తగ్గితే కారేది ట్యాంకే. తగ్గకపోతే లీక్ సప్లై లైన్లో ఉన్నట్టు. ఇక మొదటి రాత్రే తగ్గలేదంటే, డ్రైనేజీ పైపునో టైల్స్ సందులనో అనుమానించాలి. బొట్టుబొట్టుగా కారేది ఇలా దొరక్కపోవచ్చు, దానికి ప్లంబర్‌తో ప్రెషర్ టెస్ట్ చేయించండి.

ఇప్పుడు కోటింగ్ సంగతి. పైపులో నీళ్లు తీసేసి, ఆరబెట్టి, లోపలి తుప్పు గీకి, గాలి ప్రెషర్‌తో ఎపాక్సీ పూస్తారు. అది గట్టిపడి లోపల పొరలా నిలుస్తుంది. అంటే పాత పైపు గట్టిగా ఉంటేనే ఆ పొరకి ఆధారం. సన్నటి రంధ్రాలైతే మూసుకుంటాయేమో గానీ, తుప్పుతో తినేసిన పైపుకి అది బలం ఇవ్వదు.

మన పాత ఇళ్లలో ఎక్కువగా జీఐ పైపులే. అంటే జింక్ పూత వేసిన ఇనుము. పూత పోయాక లోపల తుప్పు పేరుకుని దారి సన్నబడుతుంది. పొద్దున్నే ఎర్రనీళ్లు, కుళాయిలో సన్నటి ధార, ఒకచోట అతికిస్తే ఇంకోచోట లీక్... ఈ మూడూ ఉంటే నా మాట ఒకటే: కోటింగ్ వద్దు, పైపులు మార్చేయండి.

గోడంతా పగలగొట్టాలన్న భయం కూడా అక్కర్లేదు. పాత లైన్ గోడలోనే వదిలేసి, క్లాంపులతో గోడ బయట కొత్త లైన్ వేయొచ్చు. రేపు లీకైనా కంటికి కనిపిస్తుంది. గీజర్ లైన్‌కి మామూలు పీవీసీ వద్దు, సీపీవీసీ వాడండి. పైపు మీద ఐఎస్ 15778 అని ఉందో లేదో చూడండి.

మరి కోటింగ్ ఎప్పుడు? పైపు గట్టిగా ఉండి, లీకులు చిన్నవై, గోడ కదపడం నిజంగా కష్టమైనప్పుడు. అప్పుడు కూడా రెండు అడగండి: ఆ ఎపాక్సీకి తాగునీటి సర్టిఫికెట్ ఉందా? గ్యారంటీ రాసిస్తారా? నోటిమాట అయితే వద్దనండి.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. పైపు సంగతి తేలకుండా గోడకి పుట్టీ, పెయింట్ వేయించొద్దు. లోపల నీళ్లు కారుతూనే ఉంటాయి, స్లాబులో ఇనుము తుప్పు పడుతుంది. తడి గోడలో స్విచ్ బోర్డు ఉంటే ఆ లైన్ కరెంట్ ఇవాళే ఆపించండి.

ఈ వీడియో ఇంట్లో పెద్దవాళ్లకి చూపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!