లంగరు వేసిన దినములు

పరదేశపు రేవున ప్రవేశించు పడవ కొయ్యమీద పసుపుజెండా నెత్తుట నావికుల ఆచారము. "మా పడవలో రోగము లేదు, ఒడ్డున దిగుటకు అనుజ్ఞ నిండు" అని దాని భావము. పూర్వము వెనిస్ మొదలగు రేవులలో మహమ్మారి దినములందు ఓడలను నలువది దినములు దూరముగా నిలిపియుంచెడివారు. ఇటలీ ప్రాంతపు భాషలో నలువది అను మాటనుండియే క్వారంటీను అను మాట పుట్టినది. 2020వ సంవత్సరమున ఆ మాటకు మరల ప్రాణము వచ్చినపుడు నేనొక నలువదియడుగుల తెరచాప పడవమీద కాపురముంటిని. ఆ దినములనుగూర్చి నేడు మీతో ముచ్చటింపనెంచితిని.

పడవ నా మిత్రునిది. అతడును, అతని భార్యయు, నేనును, ముగ్గురము. పనామా కాలువ దాటి, గలాపగస్ దీవులనుండి సుమారు 3,000 నాటికల్ మైళ్లు పడమరగా నడచి, ఫిబ్రవరి చివర మార్కీసస్ దీవులు చేరితిమి. ఇవి ఫ్రెంచి పోలినీషియాలోనివి. తహితీకి ఈశాన్యముగా 1,400 కిలోమీటర్ల దూరమున నున్నవి. నుకుహీవా అను దీవియందలి తయోహాయె అఖాతమున లంగరు వేసితిమి. కొండలు నిలువుగా సముద్రములోనికి దిగియున్నవి. పగడపుదిబ్బల అడ్డు లేదు. అఖాతము దక్షిణమునకు తెరచియుండుటచే అలలు తిన్నగా లోనికి వచ్చి పడవను రేయింబవళ్లు ఊయల నూపుచుండును. గట్టున సీమపనస, కొబ్బరి, పంపరపనస. చెట్లన్నియు మనవే, కొండలు మాత్రము మనవి కావు.

మార్చి 11వ తేదీన ప్రపంచారోగ్యసంస్థ కోవిడ్ వ్యాధిని ప్రపంచవ్యాప్తమైన మహమ్మారిగా ప్రకటించెను. ఆ నెలలోనే తహితీలో మొదటి రోగి కనబడెను. 20వ తేదీ మొదలు జనులు ఇండ్లు విడిచి రారాదని ఆజ్ఞ వచ్చినది. మాకు ఇల్లు పడవయే. దినుసులు కొనుటకై పడవకొక్కరు చొప్పున, కారణమును కాగితముమీద వ్రాసి చేతబట్టుకొని, గట్టునకు పోవచ్చును. నీట దిగి ఈదుటయు నిషేధమే. ఎదుట నంతటి సముద్రముండగా ఒడలు తడుపుకొనరాదనిన మొదట నవ్వు వచ్చెను. పది దినములకు ఆ నవ్వు పోయెను.

మాకంటె దుస్థితిలో నున్నవారు కలరు. లోకము కుశలముగా నున్నపుడు బయలుదేరి, నడిసముద్రమున వార్తలు లేక, నెలదినములకు వచ్చిచేరిన పడవలను అచ్చట నిలువనీయక తహితీకి పొమ్మనిరి. వెనుకకు మరలుదమనిన, ఆ సముద్రమున గాలి తూర్పునుండి పడమరకే వీచును. తెరచాపకు అది ఒకవైపు దారి. ముందున్న దీవులన్నియు తలుపులు మూసికొన్నవి.

పడవమీది బ్రతుకు స్వతంత్రమని నావికులు గొప్పగా చెప్పుకొందురు. ఎండనుండి విద్యుత్తు, వాననుండి నీరు, కడలినుండి చేప! మా తొట్టి 400 లీటర్లు పట్టును. దినమునకు ముగ్గురకు 15 లీటర్లని నియమము చేసికొంటిమి. అది ఇరువదియారు దినముల మాట. గిన్నెలు ఉప్పునీట తోమి, తుదకు ఒక చెంబెడు మంచినీట తొలిచెడివారము. పైన గుడారపుబట్ట కట్టి, దాని నడుమనుండి తొట్టిలోనికి గొట్టము వేసితిమి. వానలో మొదటి నీరు బట్టమీది ఉప్పును, పక్షిరెట్టలను కడుగుటకే చాలును; దానిని పారబోయవలెను. నడిరేయి చినుకుల చప్పుడైనంతనే ముగ్గురమును లేచి కూర్చుండెడివారము. మరునాడు తొట్టి నిండియున్నచో ఆ యుదయము మాకు పండుగ.

చేపల విషయము వేరు. ఆ సముద్రములందు సూక్ష్మమైన నాచువలన కొన్ని చేపలకు విషమెక్కును. వండినను ఆ విషము పోదు. ఒకే జాతి చేప ఒక అఖాతమున తినదగినది, ప్రక్క అఖాతమున ప్రాణాపాయము. ఏది ఎచ్చటిదో గట్టుననున్నవారికే తెలియును. అంగడి కేగిన దినమున ఒక వృద్ధుడు దూరముగా నిలిచి, నా చేతియందలి గాలము చూచి, తల అడ్డముగా నూపి, రెండవ కొన వంక వ్రేలు చూపెను. మరునాటినుండి మా పళ్లెమున చేప భయము లేకుండ పడెను.

ప్రాతఃకాలమున ఎనిమిది గంటలకు పడవలన్నియు రేడియోలో ఒకరినొకరు పిలుచుకొనెడివి. ఎవరికి మందు కావలెను, ఎవరివద్ద ఉల్లిపాయలున్నవి, ఎవరి లంగరు జారినది. రేడియోయందు నిలిచి రేడియోను పొగడుట బాగుండదు గాని, ఆ అరగంటయే మా వీధియరుగు.

ఆ సంభాషణలలోనే కొందరు దీవివారు నిర్దయులని నిందించెడివారు. నా కది సమ్మతము కాలేదు. 1863లో పెరూనుండి వచ్చిన ఓడ నుకుహీవాకు మశూచి తెచ్చెను. ఆ దీవియందును, పొరుగు దీవియందును వేయిమందికి పైగా మరణించిరి. పరదేశపు రోగములవలన క్రమక్రమముగా క్షీణించి 1920 ప్రాంతమునకు మార్కీసస్ జనులందరు కలిసి సుమారు 2,000 మంది మిగిలిరి. 1918 నవంబరు 7వ తేదీన తలూన్ అను ఓడ ఆక్లండునుండి ఇన్‌ఫ్లూయెంజాతో పశ్చిమ సమోవా చేరెను; అచ్చట సుమారు అయిదింట ఒకవంతు జనులు పోయిరి. ప్రక్కనేయున్న అమెరికను సమోవాలో గవర్నరు పోయరు ఓడలను అడ్డగించెను. అచ్చట ఒక్కరును చావలేదు. ఇట్టి కథలు గల సముద్రమున, తెల్లని తెరచాపను చూచి గుండె జల్లుమనుట నిర్దయ యగునా? పైగా అట్లు జంకినవారే రేవుమెట్లమీద పంపరపనసపండ్ల గంప నుంచి, మేము తీసికొని పోవువరకు దూరముగా నిలిచి చూచెడివారు.

ఆ తొలి విడతలో ఫ్రెంచి పోలినీషియా అంతటను రోగము సోకినవారు అరువదికి స్వల్పముగా మించిరి; మరణము లేదు. జూలై 15న విదేశీయులకు మరల తలుపులు తెరచిరి. 2021 ఆగష్టులో రోగము ఉగ్రరూపమున వచ్చి వందలమందిని కొనిపోయెను. ఆ వార్త విన్నపుడు నాకు గంపవద్ద నిలిచినవారి ముఖములే కనబడెను.

ఏప్రిల్ చివర మాకు గట్టున నడచుటకు అనుమతి దొరకినది. నేల నిలుకడగా నుండుట కాళ్లకు క్రొత్తయై, మొదటి నూరడుగులు త్రాగినవానివలె తూలితిమి. మే నెలలో ప్రయాణమునకు సెలవు రాగా లంగరు తీసితిమి. అది అడుగు బురదలో లోతుగా దిగియుండెను. గొలుసునిండ గుల్లలు. వానిని గీకుటకు ఒక పూటంతయు పట్టినది.